ప్రెస్ మీట్‌కొచ్చిన చర్చి ఆంటీలు

ఉద్యోగంలో చేరిన మొదటి ఉదయం, మొదటి ఫోను మోగగానే రిసీవర్ ఎత్తి నేనన్న మాట "ప్రైజ్ ద లార్డ్".

మా ఇంట్లో ఫోనెత్తితే అదే అంటాం. చిన్నప్పటి నుంచీ అలవాటైన నోరు. ఎదురుగా బల్ల మీద కంపెనీ పేరు, గుడ్ మార్నింగ్, హౌ మే ఐ హెల్ప్ యూ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకునే ఉన్నాను. ఆ కాగితం చూస్తూనే ఈ మాట అనేశాను. అవతల ఒక మగ గొంతు, "ఏమ్మా, నేను ఊళ్లో లేనప్పుడు కంపెనీ ఎవరికన్నా అమ్మేశారా?" అంది. ఆయనే మా ఓనరు గారు.

వాళ్లది బెజవాడ వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ వ్యాపారస్తుల కుటుంబం. వాటర్ ఫిల్టర్లు చేసేవారు. ఫ్యాక్టరీ బొల్లారం అవతల, ఆఫీసు ఎస్.డి. రోడ్డులో మూడో అంతస్తు. ఓనరు గారు తన గదిలో దేవుడి పటాలకు అగరొత్తి వెలిగించందే కుర్చీలో కూర్చునేవారు కాదు. ఆయన ఊరి నుంచి రాగానే నా బల్ల ముందు ఆగి, "నువ్వేనా ప్రైజ్ ద లార్డ్?" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "దేవుడి పేరేగా, ఏం ఫర్వాలేదు. బ్యాంకు వాళ్లు చేసినప్పుడు మాత్రం కంపెనీ పేరు చెప్పు," అని లోపలికి వెళ్లిపోయారు. ఇంత మంచి మనిషి దగ్గర పడ్డాను కదా అని ఆ రోజంతా నాకు ఒకటే నవ్వు.

అవి సెల్ ఫోన్లో మనం చేసినా డబ్బులు పోయే, ఎవరైనా చేసినా డబ్బులు పోయే రోజులు. రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉంది. ఊరు మాత్రం చూస్తుండగానే మారిపోతోంది. సీతాఫల్‌మండిలో మా సందు చివరి కిరాణా కొట్టు ఇంటర్నెట్ సెంటరైపోయింది. పప్పు డబ్బాలుండే చోట కంప్యూటర్లు వచ్చి కూర్చున్నాయి గానీ కొట్టు వాసన పోలేదు. నా మొదటి ఈమెయిల్ ఐడీ ఇంగువ వాసన మధ్య పుట్టింది. దాన్ని ఎవరికిద్దామన్నా తెలిసిన వాళ్లలో ఈమెయిల్ ఉన్నవాళ్లు లేరు. అందుకని నాకు నేనే ఒక ఉత్తరం పంపుకుని, అది వచ్చిందని ఎగిరి గంతేశాను.

ఆ రోజుల్లోనే ఒకావిడ బెంగళూరు నుంచి మా ఓనరు గారిని కలవడానికి వచ్చింది. నూలు చీర, పొట్టి జుట్టు, భుజాన లాప్‌టాప్ సంచి. కూర్చోమని చెబితే తన విజిటింగ్ కార్డు నా చేతికిచ్చింది. పేరు కింద 'కార్పొరేట్ కమ్యూనికేషన్స్' అని ఉంది. అంటే ఏం పని మేడం అని అడిగాను. నేను అడగకుండా ఉండలేని మనిషిని. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "కంపెనీ తరఫున మాట్లాడతాను," అంది.

మాట్లాడ్డానికి జీతమిస్తారా! నాకు తల తిరిగిపోయింది. నేను పుట్టినప్పట్నుంచీ ఊరికే చేస్తున్న పని అది. స్కూల్లో బెంచీ ఎక్కింది ఆ పని చేసినందుకే. మా చర్చిలో పాస్టరు గారు వాక్యం చెప్పడం అయిపోయాక ప్రకటనలు చదివేది కూడా చాలా ఏళ్లుగా నేనే. అది మీరనుకునేంత తేలిక కాదు. ఇంట్లో పొయ్యి మీద పెట్టొచ్చిన మటన్ గుర్తొచ్చి సగంమంది సంచులు సర్దుకునే సమయమది. అప్పుడు నిలబడి, స్త్రీల కూడిక ఎవరింట్లోనో, చర్చి పెయింటింగుకి చందా ఇంకా ఎవరివ్వలేదో చెప్పి, లేచినవాళ్లను మళ్లీ కూర్చోబెట్టాలి. నేను కూర్చోబెట్టేదాన్ని. అలాంటి నేను రిసెప్షన్‌లో 'హోల్డ్ ఆన్ ప్లీజ్' అంటూ బతుకుతున్నానా అని నా మీద నాకే జాలేసింది. ఆ కార్డు నేను ఓనరు గారికివ్వలేదు. నా బ్యాగులో పడేసుకుని ఆవిడ పేరు నోటితో చెప్పాను.

అక్కడి నుంచి మొదలైంది నా పిచ్చి. వచ్చిన ప్రతివాళ్లనూ కార్డు అడిగి తీసుకునేదాన్ని. మధ్యాహ్నం ఫోన్లు తగ్గాక అవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించేదాన్ని. ఎవరు ఏ ఊరు, ఏం వ్యాపారం, కాఫీనా టీనా, పిల్లలేం చదువుతున్నారు, అన్నీ. ఉగాదికి, రంజాన్‌కి, క్రిస్మస్‌కి అందరికీ ఈమెయిల్లో గ్రీటింగులు. గులాబీ పువ్వు రెక్కలు విప్పుకుంటూ ఆడే బొమ్మ ఒకటి దొరికితే దాన్నే అన్ని పండగలకూ వాడాను. అది తెరుచుకునేసరికి అవతలి కంప్యూటర్లు ఆగిపోయేవట. ఒకాయన ఫోన్ చేసి మరీ, "అమ్మా, నీ పువ్వు వల్ల మా ఆఫీసు పొద్దుట్నుంచీ మూతపడింది," అని దండం పెట్టాడు. ఆ ఫోన్లో ఆయనతో పావుగంట కబుర్లు చెప్పి, వాళ్ల పరిశ్రమల సంఘం నెలకోసారి పెట్టే సాయంకాలం సమావేశానికి పిలుపు సంపాదించాను.

ఆ సమావేశానికి నెట్‌వర్కింగ్ అని పేరు. పెద్ద క్లబ్బు, పచ్చిక, లైట్లు. లోపలికెళ్లగానే ఎవరో నా చేతిలో పళ్లెం పెట్టారు, ఇంకెవరో రెండో చేతిలో జ్యూస్ గ్లాసు పెట్టారు. అప్పుడొచ్చాడు ఒక పెద్దమనిషి షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాపుతూ. నాకు మూడో చెయ్యి లేదు. గ్లాసు పళ్లెంలో పెట్టబోతే అది సమోసా మీద ఒరిగి, జ్యూసంతా ఆయన బూటు మీదకి పోయింది. నేను కంగారులో, చర్చిలో అన్నట్టు "వందనాలండీ" అన్నాను. ఆయన ఎంత మర్యాదస్తుడంటే బూటు తుడుచుకుంటూనే "వందనాలమ్మా" అన్నాడు. నెట్‌వర్కింగ్‌లో మొదటి పాఠం ఆ రోజే నేర్చుకున్నాను. తిండి ఇంట్లోనే తినేసి వెళ్లాలి.

ఇదంతా పక్కన నిలబడి చూసి పగలబడి నవ్వినాయన ఒక తెలుగు పేపర్ విలేకరి. సికింద్రాబాద్ వార్తలు ఆయనే రాసేవాడు. పుట్టి పెరిగింది ఇక్కడే. ఆయన్ని మొదట్లోనే "అన్నా" అనేశాను. మర్నాడే మా కంపెనీ గురించి నాలుగు పేజీల ఇంగ్లీషు ప్రెస్ నోట్ ఆయనకు ఫ్యాక్స్ చేశాను. సాయంత్రానికి ఫోనొచ్చింది.

"ఏందమ్మా గిది? నాలుగు పేజీల ఇంగ్లీషు పంపినవ్. మా డెస్కుల ఎవలు సదువుతరు? జెర తెలుగుల రాయి, సగం పేజీల రాయి."

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని తెలుగులో టైపు చేయడం నేర్చుకున్నాను. 'క్ష' ఎక్కడుందో కనుక్కోవడానికే ఒక సాయంత్రం పట్టింది. ఈమెయిల్లో పంపితే మళ్లీ ఫోను.

"నువ్ పంపినదంత డబ్బాలు డబ్బాలు కనవడుతున్నది. ఫాంట్ సుత పంపాలె. లేకుంటే మాకేం తెలుస్తది? పరేషాన్ గాకు, ఫ్లాపీల ఏస్కొని రా."

ఫ్లాపీ పట్టుకుని ఆటో ఎక్కి వెళ్లి, వాళ్ల కంప్యూటర్లో ఫాంట్ ఎక్కించి, పనిలో పనిగా వాళ్ల ఆఫీసులో అందరి కార్డులూ తీసుకుని వచ్చాను. ఆ వారం పేపర్లో లోపలి పేజీలో, నేత్రదాన శిబిరం వార్త కింద, మా ఫిల్టర్ల గురించి రెండంగుళాల వార్త పడింది. నా పేరు అందులో లేకపోయినా ప్రతి అక్షరం నాదే. బస్సులో పక్కనావిడ చేతిలో ఆ పేపరుంటే, ఆ పేజీ వచ్చేదాకా ఆవిడ భుజం మీంచి మెడ సాచి చూశాను. ఆవిడ అది చదవకుండానే పేజీ తిప్పేసింది. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ వార్త పట్టుకుని ఓనరు గారి గదిలోకి వెళ్లాను. అప్పుడే కరెంటు అక్కర్లేని కొత్త ఫిల్టర్ ఒకటి తయారవుతోంది. పైన తొట్టిలో నీళ్లు పోస్తే కింద కుళాయిలో మంచినీళ్లు వస్తాయి. దాన్ని విడుదల చేసే పని బొంబాయి ఏజెన్సీకి ఇద్దామని మాట్లాడుకుంటున్నారు. "నాకివ్వండి సార్," అన్నాను. గదిలో ఉన్నవాళ్లంతా నన్ను, కుర్చీ మాట్లాడినట్టు చూశారు. ఓనరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, నీ చేతిలో పెడతాను. ప్రెస్ మీట్ బాగా జరిగితే కంపెనీ తరఫున మాట్లాడే ఉద్యోగం నీదే, దానికి పేరు నువ్వే పెట్టుకో. జరక్కపోతే మళ్లీ రిసెప్షన్‌కే. నన్ను మళ్లీ అడక్కూడదు."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. నాన్న రైల్వే గార్డు, ఇంట్లో కన్నా బండిలో ఎక్కువుండేవారు. ఇంటి పెత్తనమంతా అమ్మదే. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. వాళ్లమ్మా టీచరే. నేను బి.ఇడి. చేసి అదే స్కూల్లో చేరాలన్నది అమ్మకు నేను పుట్టకముందు నుంచీ ఉన్న కోరిక.

"ఫోనెత్తే ఉద్యోగమన్నావు, సరేనన్నాను. ఇప్పుడు ఇదేంటి? పేరు పలకడానికే నోరు తిరగట్లేదు. రేపు ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుందంటే ఏం చెప్పను?"

"కంపెనీ తరఫున మాట్లాడుతుందని చెప్పు."

"నా తరఫున ఎప్పుడైనా మాట్లాడావటే నువ్వు?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మళ్లీ రిసెప్షన్‌కి పంపిస్తే నోరు మూసుకుని బి.ఇడి.లో చేరిపోతాను. ఆ మాట ఇచ్చాక నాకు ఆ ప్రెస్ మీట్ తప్ప లోకంలో ఇంకేమీ కనిపించలేదు. తెల్లారి లేచి సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద తేదీ వేస్తున్నట్టు కలలొచ్చేవి.

అమ్మ ఊరుకునే మనిషి కాదు. మా చర్చిలో ప్రార్థనా గొలుసు అని ఒకటుంది. ఎవరికి ఏ అవసరమొచ్చినా ఒక ఆంటీకి ఫోన్ చేసి చెబితే, ఆవిడ తర్వాతి ఆంటీకి, ఆవిడ ఆ తర్వాతి ఆవిడకు, అలా అందరికీ చేరుతుంది. తెల్లవారుజామున ఎవరింట్లో వాళ్లు ఆ విషయం మీద ప్రార్థన చేస్తారు. అమ్మ నా విషయం గొలుసులో పెట్టిందని నాకు వెంటనే తెలిసిపోయింది. ఆదివారం చర్చి మెట్ల మీద ఆంటీలంతా నా బుగ్గలు పుణికి, "నీ గురించే రోజూ ప్రార్థిస్తున్నాం," అనేవారు. ఈ ఇంటర్నెట్ కాలంలో ఇంకా ఈ గొలుసేమిటని లోపల నవ్వుకున్నా, అంతమంది నా వెనకాల ఉన్నారంటే కాళ్లు నేల మీద ఆనేవి కావు.

నెలల తరబడి తయారయ్యాను. పవర్‌పాయింట్‌లో ఒక్కో అక్షరమూ ఎగిరొచ్చి, టైపు మిషను చప్పుడు చేస్తూ కూర్చునేలా పెట్టాను. 'ఏ నీళ్లైనా అమృతమే' అని నేనే కట్టిన వాక్యం కూర్చోవడానికి చాలాసేపు పట్టేది. ఆ కాసేపూ నేను పరవశించిపోయి చూసేదాన్ని. పత్రికల వాళ్లకిచ్చే సంచుల్లో కాగితాల బదులు సీడీలు పెట్టాను. అలా చేసినది సికింద్రాబాద్‌లో నేనే మొదటిదాన్నని అందరికీ చెప్పుకున్నాను, నిజమో కాదో కనుక్కోలేదు. ముందు రోజు సాయంత్రం వంటింట్లో గరిటె మైకులా పట్టుకుని, బియ్యం డ్రమ్మును ఫిల్టర్ అనుకుని, కూరగాయలు తరుగుతున్న అమ్మను విలేకర్లందరూ అనుకుని మొత్తం మాట్లాడేశాను. చివర్లో "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాను. అమ్మ, "ఉప్పు డబ్బా అందుకో," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు పదకొండింటికి ప్రెస్ మీట్, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర ఒక హోటల్లో. తెల్లటి గుడ్డలు తొడిగిన కుర్చీలు, పూలు, ప్రొజెక్టరు, బల్ల మీద ఫిల్టర్. పదిన్నరకు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లే, ఖతం. ఎవలో మంత్రి రాజీనామా అంట. అందరు సెక్రటేరియట్ కాడ జమైన్రు. నేనైతే ఎట్లన్న చేసి వస్తా. ఇంకొకలిద్దర్ని సుత పట్కొస్తా. మిగిలినోళ్ల మీద ఆశ పెట్టుకోకు."

ముగ్గురు విలేకర్లు, అన్ని ఖాళీ కుర్చీలు! ఇంకాసేపట్లో ఓనరు గారు వస్తారు. నాకు ఒక్కసారిగా సుద్దముక్క వాసన వచ్చింది. కుర్చీలు కొన్ని తీసేయమని హోటలు వాళ్లను బతిమాలుతుండగా తలుపు తెరుచుకుంది.

మా చర్చి ఆంటీలు! ముందు, రైల్వే ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఆంటీ. వెనక మొత్తం గొలుసు. ఇస్త్రీ చేసిన తెల్ల చీరలు, లేత రంగు చీరలు, చంకలో బైబిలు సంచులు, చేతుల్లో గొడుగులు, ఇద్దరి దగ్గర టిఫిన్ క్యారియర్లు. ఎవరికన్నా పెద్ద ఆపరేషన్ అయితే వాళ్లింతే. ఇంట్లో ప్రార్థన చాలదనిపిస్తే ఆసుపత్రి వరండాకే వచ్చి కూర్చుంటారు.

"అమ్మాయ్, మమ్మల్ని ఎక్కడ కూర్చోమంటావు?" అంది హెడ్ నర్సు ఆంటీ.

"ఆంటీ, ఇది ప్రెస్ మీట్! మీరెందుకొచ్చారు?"

"మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నీ పని నువ్వు చూసుకో, మా పని మేం చూసుకుంటాం."

ఇంకేమైనా అడిగే లోపలే వాళ్లు ముందు వరసల్లో సర్దుకున్నారు. విలేకర్ల సంచులు తలా ఒకటి తీసుకున్నారు. "ఈ బిళ్లలో పాటలున్నాయా?" అని ఒకావిడ సీడీని వెలుతురుకు పెట్టి చూసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. లేపేద్దామని రెండడుగులు వేశానో లేదో ఓనరు గారు లోపలికి వచ్చారు. వెంటనే ఆంటీలంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. చర్చిలో పాస్టరు గారు వస్తే అలాగే లేస్తాం. ఓనరు గారు అక్కడే ఆగిపోయి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూసి, తన కోసమేనని తెలిశాక కండువా సర్దుకున్నారు.

అన్న ఇంకో ఇద్దరితో, ఒక కేబుల్ టీవీ కెమెరాతో పరుగున వచ్చి వెనక కూర్చున్నాడు. నా పవర్‌పాయింట్ మొదలైంది. అక్షరాలు టపటపమంటూ ఎగిరి వస్తుంటే ఆంటీలు మురిసిపోయారు. ఓనరు గారు, "ప్రతి ఇంటికీ మంచినీళ్లు అందాలన్నదే మా ఆశ," అన్నారో లేదో, మూడో వరసలోంచి గట్టిగా "ఆమెన్!" అని వినపడింది. ఆయన ఉలిక్కిపడి, తర్వాత ముసిముసిగా నవ్వి, ఆ వాక్యం మళ్లీ ఇంకొంచెం గట్టిగా చెప్పారు. ఈసారి అందరూ ఆమెన్ అన్నారు. నేను గోడకానుకుని కళ్లు మూసుకున్నాను. రేపే బి.ఇడి. అప్లికేషన్ తెచ్చుకోవాలనుకున్నాను.

"ప్రశ్నలుంటే అడగండి," అన్నాను. అన్న చెయ్యెత్తే లోపలే హెడ్ నర్సు ఆంటీ లేచింది.

"మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అదీ చీకటితో. ఆ టైముకు కరెంటుండదు. మీ మిషను పనిచేస్తుందా?"

"కరెంటు అక్కర్లేదమ్మా. అందుకోసమే చేశాం," అన్నారు ఓనరు గారు ఉత్సాహంగా.

"లోపల కొవ్వొత్తిలాగా ఉంటుందే, అది ఎవరు కడగాలి?"

"మీరే కడుక్కోవచ్చు. మెత్తటి బ్రష్‌తో. సబ్బు మాత్రం తగలకూడదు."

"మా ఆయన కడుగుతానంటే కడగనివ్వచ్చా?" అంది ఇంకో ఆంటీ. హాలంతా నవ్వులు.

అప్పుడు కాప్రా నుంచి వచ్చే ఆంటీ లేచి, తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి పైకెత్తింది. "ఇవి మా బోరు నీళ్లు. ఉప్పు. పప్పు కూడా ఉడకదు. మీరేమో ఏ నీళ్లైనా అమృతమే అని రాశారు. ఇవి పోసి చూపించండి."

కేబుల్ టీవీ కెమెరా ఆవిడ వైపు తిరిగింది. తెరమీద నా వాక్యం నిలువెత్తున వెలుగుతోంది. దాన్ని మార్చే మీట ఎక్కడుందో నా చేతికి దొరకలేదు. ఓనరు గారు ఆ సీసా వైపు చూశారు, ఆంటీల ఒళ్లో బైబిళ్ల వైపు చూశారు, తర్వాత తెర వైపు చూశారు.

"అమ్మా, అబద్ధం చెప్పను. ఇది క్రిముల్ని తీసేస్తుంది, మురికిని తీసేస్తుంది. ఉప్పును తియ్యదు. బోరు నీళ్లయితే ఇది కొనకండి. ఆ రాసింది తప్పు, రేపే తీయించేస్తాను."

కాప్రా ఆంటీ, "ఇంత మాట చెప్పే కొట్టువాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు," అని కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక అన్న తల వంచుకుని గబగబా రాసుకుంటున్నాడు. చివర్లో ఆంటీలు కళ్లు మూసుకుని ఫిల్టర్ కోసం చిన్న ప్రార్థన కూడా చేశారు. ఓనరు గారు చేతులు జోడించి నిలబడ్డారు. తర్వాత నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నా ఉద్యోగం ముంచేశావు! పంపించింది నువ్వేగా? సంతోషమేనా ఇప్పుడు?" అని అరిచాను. అమ్మ అన్నం పెట్టింది. నేను కంచం పక్కకు తోసి, ఆకలికి ఆగలేక మళ్లీ దగ్గరికి లాక్కుని తిన్నాను.

పొద్దున్నే ఆఫీసుకెళ్లి నేరుగా రిసెప్షన్ కుర్చీలో కూర్చున్నాను, ఎవరూ చెప్పకముందే. అన్న పేపర్ బల్ల మీద ఉంది. సిటీ పేజీలో పైనే, కాప్రా ఆంటీ సీసా ఎత్తిన ఫోటోతో సహా. 'ఇది మీకు పనికిరాదు, కొనకండి' అన్న యజమాని గురించి సగం పేజీ. ఇంకా చదువుతుండగానే ఫోను మోగింది. మల్కాజిగిరి నుంచి ఎవరో గృహిణి. "ఉప్పు తియ్యదన్నారే, ఆ ఫిల్టర్ ఎక్కడ దొరుకుతుంది? మాకు నల్లా నీళ్లే." రిసీవర్ పెట్టానో లేదో ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. కాసేపటికి నేను ఏ భాషలో మాట్లాడుతున్నానో కూడా నాకు తెలియలేదు.

ఓనరు గారు పిలిచారు. ఆయన ముందూ పేపరే.

"ఆ ఆడవాళ్లను పిలవాలన్న ఆలోచన నీదేనా?"

అవునంటే చాలు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నిన్న ఆ మనిషి ఉప్పు గురించి చెప్పిన తీరు చూశాక నా వల్ల కాలేదు. "కాదండీ. మా చర్చి వాళ్లు. మా అమ్మ పంపించింది. ఆ అమృతం వాక్యం మాత్రం నాదే."

ఆయన పడీ పడీ నవ్వారు. కళ్లనీళ్లు తుడుచుకుని, "నేను గదిలోకొస్తే మా ఇంట్లోనే ఎవరూ లేవరమ్మా. వాళ్లు చూడు, ఎలా లేచి నిలబడ్డారో! సరే, ఇకమీదట కొత్త సరుకేదైనా ముందు వాళ్లకు చూపించు. వాళ్లడిగాక పేపర్ వాళ్లను పిలుద్దాం. ఇవాళ్టి నుంచి రిసెప్షన్‌లో ఇంకొకర్ని కూర్చోబెట్టుకో. నీ కార్డు మీద ఏం వేయించాలో రాసివ్వు," అన్నారు.

నేను గది బయటికి నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో తెలియదు. సాయంత్రం బస్సు కోసం ఆగలేక, చిలకలగూడ దాకా నడిచేసి, అక్కడ ఆటో ఎక్కి, ఆటో అతనికి కూడా నా ఉద్యోగం పేరు చెప్పాను. ఆయన "ముబారక్ మేడం, ఏం చేస్తరు గందుల?" అని అడిగితే మా సందు వచ్చేదాకా వివరించాను.

అమ్మ వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది. వెనక నుంచి పట్టుకుని గిరగిరా తిప్పేశాను. "వచ్చేసిందమ్మా! నీ గొలుసు గెలిచింది! ఇన్ని నెలలు ప్రార్థన చేయించావు, అయిపోయింది!"

అమ్మ నవ్వలేదు. పొయ్యి తగ్గించింది.

"నేను వాళ్లచేత ఏమని ప్రార్థన చేయించానో తెలుసా నీకు?"

"నాకు ఈ ఉద్యోగం రావాలని."

"కాదు. రాకూడదని. నువ్వు బి.ఇడి.లో చేరాలని."

అన్ని ఆదివారాలు నా బుగ్గలు పుణికిన చేతులన్నీ గుర్తొచ్చాయి. కోపం సర్రున లేచింది. నేను నోరు తెరిచే లోపలే అమ్మ మళ్లీ మాట్లాడింది, నా వైపు చూడకుండా.

"మొన్న సాయంత్రం నువ్వు గరిటె పట్టుకుని మాట్లాడావు చూడు. నిన్ను కన్నాక నీ మొహం అంత సంతోషంగా నేనెప్పుడూ చూళ్లేదే. నువ్వు స్నానానికి వెళ్లగానే ఫోన్ చేసి, ప్రార్థన మార్చమన్నాను. అన్ని నెలలు ఒకటి అడిగి, ఒక్క పూటలో ఇంకోటి అడిగితే దేవుడికి వేళకు అందుతుందో లేదోనని భయమేసింది. అందుకే మనుషుల్ని పంపాను."